నిద్ర పోనివ్వని మందు, 72 గంటల చట్టం

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు శాన్‌ఫ్రాన్సిస్కో చూపించడానికి ఫ్రీమాంట్ నుంచో శానోజే నుంచో బయల్దేరిన తెలుగు కుటుంబాలకు ఆ నగరంలో ఒక చోటు బాగా గుర్తుండిపోతుంది. గోల్డెన్ గేట్, లొంబార్డ్ స్ట్రీట్, పియర్ 39 అన్నీ అయ్యాక సివిక్ సెంటర్ బార్ట్ స్టేషన్ బయటికి వస్తే చాలు, పిల్లల చెయ్యి గట్టిగా పట్టుకుని అడుగులు త్వరత్వరగా వేస్తారు. అక్కడ ఫుట్‌పాత్ మీద కనిపించే వాళ్లందరినీ కలిపి ‘డ్రగ్స్ తీసుకునేవాళ్లు’ అని ఒక్క మాటలో తేల్చేస్తారు.

కొంచెం గమనిస్తే మాత్రం వాళ్లలో రెండు రకాలు కనిపిస్తాయి. ఒకరు నడుము దగ్గర రెండుగా వంగిపోయి, నిలబడే నిద్రపోతున్నట్టు ఉంటారు. అది ఎక్కువగా హెరాయిన్ జాతికి చెందిన ఫెంటనిల్ పని. ఇంకొకరు చలిలో కూడా చొక్కా లేకుండా, ఎదురుగా ఎవరూ లేకపోయినా గొడవపడుతూ, నేల మీద ఏదో పోగొట్టుకున్నట్టు వెతుకుతూ ఉంటారు. అది చాలాసార్లు మెతాంఫెటమిన్. వాడేవాళ్ల భాషలో మెత్, క్రిస్టల్, టీనా, స్పీడ్.

పేపర్లలో హెడ్‌లైన్ ఎప్పుడూ ఫెంటనిల్‌దే. అది నిమిషాల్లో ఊపిరి ఆపేస్తుంది కాబట్టి ఆ ప్రాధాన్యం న్యాయమే. కానీ ఆ నగరంలో పోలీసుల, నర్సుల, అంబులెన్స్ వాళ్ల రోజును మింగేసేది మెత్ కూడా. పైగా ఫెంటనిల్‌కు ఉన్న రెండు సౌకర్యాలు దీనికి లేవు. ఫెంటనిల్ ఎక్కువై పడిపోయినవాళ్ల ముక్కులో నాలోక్సోన్ స్ప్రే కొడితే చాలామంది లేచి కూర్చుంటారు. మెత్‌కు అలాంటి విరుగుడు లేదు. ఫెంటనిల్ అలవాటు మాన్పించడానికి బ్యూప్రెనార్ఫిన్, మెథడోన్ ఉన్నాయి. మెత్ అలవాటుకు అమెరికా ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదించిన మందు ఒక్కటి కూడా లేదు.

మనకు ఇక్కడ మాటతోనే ఒక చిక్కుంది. తెలుగులో ఇలాంటివన్నీ ‘మత్తు పదార్థాలు’. మత్తు అంటే కళ్లు మూతలు పడటం, ఒళ్లు తూలడం. మెత్ చేసేది సరిగ్గా దీనికి ఎదురు. అది నిద్రను, ఆకలిని, అలసటను తోసేస్తుంది. మెదడులో ఉత్సాహం, ఆనందం కలిగించే రసాయనం డోపమిన్‌ను ఒక్కసారిగా వరదలా వదిలిస్తుంది. కొకైన్ ఒంట్లో సగానికి తగ్గడానికి గంట, గంటన్నర పడితే, మెత్‌కు 10 నుంచి 12 గంటలు పడుతుంది. ఒక డోసు తరవాత ఇంకో డోసు వేసుకుంటూ పోతే రెండు మూడు రోజులు కన్ను మూతపడదు. అప్పుడు అనుమానాలు మొదలవుతాయి. ఎవరో వెంటపడుతున్నారని, గోడ వెనక మాట్లాడుకుంటున్నారని, చర్మం కింద పురుగులు పాకుతున్నాయని అనిపిస్తుంది. మందు దిగాక రోజుల తరబడి నిద్ర, విపరీతమైన ఆకలి, దాని వెంటే తీవ్రమైన నిరాశ. ఆ తరవాత వారాలు, కొందరిలో నెలల పాటు దేని మీదా ఆసక్తి ఉండదు.

ఈ కాలపట్టిక గుర్తుంటే నగరం చేసిన ప్రయత్నాల్లో ఏది ఎందుకు తడబడిందో చాలావరకు అర్థమవుతుంది. మందుకు ఒక గడియారం ఉంది. పోలీసులకు, ఆసుపత్రికి, కోర్టుకు వేరే గడియారాలు ఉన్నాయి. అవి ఒకదానితో ఒకటి కలవవు.

శాన్‌ఫ్రాన్సిస్కోకు మెత్ కొత్త చుట్టం కాదు. 1960ల మొదట్లో అక్కడ కొందరు డాక్టర్లు హెరాయిన్ మాన్పిస్తామంటూ మెతాంఫెటమిన్ ఇంజెక్షన్లు రాసిచ్చేవారు. దుర్వినియోగం బయటపడి 1962-63లో కంపెనీలు ఆ ఆంప్యూళ్లను మార్కెట్ నుంచి తీసేశాయి. గిరాకీ మాత్రం పోలేదు. చుట్టుపక్కల దొంగ ల్యాబులు లేచాయి. 1967లో దేశం నలుమూలల నుంచి కుర్రకారు హైట్-ఆష్‌బరీ పేటకు చేరిన ‘సమ్మర్ ఆఫ్ లవ్’ అనగానే అందరికీ గంజాయి, ఎల్‌ఎస్‌డీ గుర్తొస్తాయి. ఆ వేసవి గడిచాక ఆ పేటను పాడుచేసింది స్పీడ్. అదే ఏడాది జూన్‌లో డేవిడ్ స్మిత్ అనే యువ డాక్టర్ అక్కడ ఉచిత క్లినిక్ తెరిచాడు. కామెర్లు, చీము పట్టిన సూది గాయాలు, నిద్రలేక మతి చెదిరిన పిల్లలు ఆ క్లినిక్‌కు వచ్చేవారు. ఇవన్నీ 2020లలో నగరం నడిబొడ్డున ఉన్న టెండర్‌లాయిన్ పేట వీధుల్లో చూస్తున్నవే.

తరవాతి దశాబ్దాల్లో వ్యాపారం కాలిఫోర్నియా బైక్ గ్యాంగుల చేతికి, ఆ మీదట మెక్సికో ముఠాల చేతికి పోయింది. జలుబు మాత్రల్లోని సూడోఎఫిడ్రిన్‌తో ఇళ్లలోనే వండుకునేవారు కాబట్టి 2006లో అమెరికా ఆ మాత్రలను కౌంటర్ వెనక్కి పంపి, కొన్నవాళ్ల పేర్లు రాసుకోవడం మొదలుపెట్టింది. 2008 నాటికి మెక్సికో సూడోఎఫిడ్రిన్‌ను దాదాపుగా నిషేధించింది. ఇళ్లలోని చిన్న ల్యాబులు నిజంగానే తగ్గాయి. కానీ ముఠాలు అసలు ఆ ముడిసరుకే అక్కర్లేని వేరే రసాయన పద్ధతికి మారి, ఫ్యాక్టరీ స్థాయిలో తయారుచేయడం మొదలుపెట్టాయి. నియంత్రణ వల్ల సరుకు కరువు కావాల్సింది పోయి చవకైంది, నాణ్యత పెరిగింది. సరఫరా గొంతు నొక్కితే చాలు అనే వాదనకు ఇంతకంటే చేదు అనుభవం దొరకడం కష్టం.

మరి ఎవరు వాడతారు? ఒక వర్గం గురించి నగరానికి ముందునుంచీ తెలుసు. కాస్ట్రో పేట చుట్టూ ఉన్న గే పురుషుల్లో 1990ల నుంచి క్రిస్టల్ పార్టీ మందుగా, శృంగారానికి జతగా వ్యాపించింది. హెచ్‌ఐవీ వ్యాప్తితో దాని సంబంధం డాక్టర్లను భయపెట్టింది. చికిత్స ప్రయోగాలు కూడా మొదట ఆ సమాజంలోనే పుట్టాయి.

ఇళ్లులేని వాళ్లది ఇంకో కథ. కాలిఫోర్నియా యూనివర్సిటీ, శాన్‌ఫ్రాన్సిస్కో పరిశోధకులు 2023లో రాష్ట్రమంతటా ఇళ్లులేని వారిపై పెద్ద అధ్యయనం విడుదల చేశారు. అందులో 31 శాతం మంది మెత్‌ను తరచుగా వాడుతున్నామని చెప్పారు. డాక్టరు రాయని ఓపియాయిడ్లు (ఫెంటనిల్, హెరాయిన్ లాంటివి) వాడేవాళ్లు 11 శాతం, కొకైన్ వాడేవాళ్లు 3 శాతం. మెత్ ఇంత ముందుండటానికి కారణం సరదా కాదు. ఫుట్‌పాత్ మీద రాత్రి నిద్రపోతే బూట్లు పోతాయి, ఫోను పోతుంది, ఆడవాళ్లకైతే అంతకంటే పెద్ద ప్రమాదం. మెలకువగా ఉండటం అక్కడ ఒక అవసరం. మెత్ ఆ పని చవగ్గా చేసిపెడుతుంది. పొద్దున నిద్ర పట్టడానికి ఫెంటనిల్, లేవడానికి మళ్లీ మెత్. అందుకే నగరంలో ఓవర్‌డోస్ మరణాల్లో ఈ రెండూ కలిసి కనిపిస్తాయి. 2023లో 810 మంది చనిపోయారు, నగర చరిత్రలో అదే అత్యధికం. వాళ్లలో ఎక్కువమంది ఒంట్లో ఫెంటనిల్ దొరికింది, సగానికి పైగా కేసుల్లో మెత్ కూడా ఉంది. ఎనిమిది లక్షల పైచిలుకు జనం ఉన్న ఊరికి ఇది చాలా పెద్ద సంఖ్య.

నిశ్శబ్దంగా జరిగే చావులు ఈ లెక్కలోకి రావు. ఏళ్ల తరబడి మెత్ వాడితే గుండె కండరం సాగి, నీరసించి, రక్తాన్ని తోయలేని స్థితికి వస్తుంది. నలభైల్లో ఉన్న మనిషికి డెబ్బై ఏళ్ల గుండె అన్నమాట. వాడకం ఆపితే కొందరిలో ఆ గుండె తిరిగి బలపడటం దీనిలోని ఒకే ఒక్క మంచి వార్త.

ఇక ఆసుపత్రి గడియారం. నగరంలో మానసిక అత్యవసర కేసులకు ప్రధాన దిక్కు జుకర్‌బర్గ్ శాన్‌ఫ్రాన్సిస్కో జనరల్ హాస్పిటల్. 2010ల చివరికి అక్కడి సైకియాట్రిక్ ఎమర్జెన్సీకి వచ్చేవారిలో దాదాపు సగం మంది మెత్ వాడినవాళ్లే. వీధిలో ఒకతను అరుస్తూ ట్రాఫిక్‌లోకి పరిగెడితే పోలీసులు ‘5150’ పెడతారు. మానసిక స్థితి వల్ల తనకో ఇతరులకో ప్రమాదమనిపించిన మనిషిని గరిష్ఠంగా 72 గంటలు బలవంతంగా ఆసుపత్రిలో ఉంచే చట్టం అది. దాని మూలం 1967 నాటి రాష్ట్ర చట్టం. స్మిత్ క్లినిక్ తెరిచిన సంవత్సరమే కావడం కాకతాళీయం. అప్పట్లో మనుషుల్ని ఏళ్ల తరబడి పిచ్చాసుపత్రుల్లో పడేసే అన్యాయాన్ని ఆపడానికి తెచ్చిన మంచి చట్టమే.

కానీ మెత్ పిచ్చి స్కిజోఫ్రీనియా లాంటిది కాదు. చాలామందిలో ఒకటి రెండు రోజులు నిద్రపోయి, కడుపునిండా తింటే అరుపులు ఆగిపోతాయి. మూడో రోజు డాక్టర్ ముందు కూర్చున్న మనిషి శాంతంగా, పద్ధతిగా మాట్లాడతాడు. అతన్ని ఇంకా ఉంచడానికి చట్టంలో ఆధారం లేదు, మంచం కోసం బయట ఇంకొకరు ఎదురుచూస్తున్నారు. డిశ్చార్జ్ చేస్తారు. సరిగ్గా అప్పుడే నిరాశ మొదలయ్యే దశ. మందు మీద కోరిక ఎక్కువయ్యే రోజున మనిషిని అదే ఫుట్‌పాత్‌కు పంపుతున్నారు. వారం తిరక్కుండా అదే అంబులెన్స్. మరీ మళ్లీ మళ్లీ వచ్చేవాళ్ల కోసం కాలిఫోర్నియా 2023లో చట్టం మార్చి, తీవ్రమైన వ్యసనం వల్ల తనను తాను చూసుకోలేని మనిషిని కూడా సంరక్షకుడి అధీనంలో ఉంచొచ్చని చెప్పింది. శాన్‌ఫ్రాన్సిస్కో 2024 జనవరి నుంచే దాన్ని అమల్లో పెట్టింది. అయితే అలా ఉంచడానికి తాళం వేసిన వార్డుల్లో మంచాలు కావాలి. అవి చట్టంతో పాటు రాలేదు.

2019లో మేయర్ లండన్ బ్రీడ్, కాస్ట్రో ప్రాంతం నుంచి నగర పాలక మండలికి ఎన్నికైన సభ్యుడు (సూపర్‌వైజర్) రఫేల్ మాండెల్‌మన్ కలిసి మెత్ మీద ప్రత్యేక టాస్క్‌ఫోర్స్ వేశారు. దాని మొదటి సిఫారసు చాలా మామూలుది. మెత్ ఎక్కి ఉన్న మనిషి జైలుకూ ఎమర్జెన్సీకీ కాకుండా, వెలుతురు తక్కువగా, గోల లేకుండా ఉన్న ఒక గదిలో మందు దిగేవరకు పడుకోవడానికి చోటు ఉండాలి. అంతే. ఆ చోటు ‘సోమా రైజ్’ పేరుతో తెరుచుకునేసరికి 2022 జూన్ వచ్చింది. మధ్యలో కోవిడ్ ఉంది, మా వీధిలో వద్దన్న ఇరుగుపొరుగు ఉన్నారు. ఓ ఇరవై మందికి సరిపోయే గది కోసం దాదాపు మూడేళ్లు. దాన్ని నడపడానికి తీసుకున్న సంస్థ హెల్త్‌రైట్ 360. పాత హైట్-ఆష్‌బరీ ఉచిత క్లినిక్ ఇంకో సంస్థతో కలిసిపోయి ఏర్పడిందే ఇది. 55 ఏళ్ల తరవాత అదే మందు, అదే ఊరు, అదే వంశంలోని క్లినిక్.

పోలీసుల వైపు చూస్తే నగరం ఊయలలా ఊగింది. 2014లో ఓటర్లు నేరుగా ఓటేసి ఆమోదించిన ప్రపోజిషన్ 47 అనే చట్టంతో, సొంతానికి మెత్ దగ్గర పెట్టుకోవడం చిన్న నేరమైంది. దొరికితే ఏం చేయాలన్న ఆసక్తి పోలీసుల్లోనూ తగ్గింది. 2021 డిసెంబర్‌లో టెండర్‌లాయిన్‌లో మేయర్ ఎమర్జెన్సీ ప్రకటించారు. మరుసటి నెల సిటీ హాల్ దగ్గర ఒక సహాయ కేంద్రం తెరిచారు. తిండి, స్నానం, బట్టలు ఉతుక్కునే వీలు ఉండేవి. ఆవరణలో డ్రగ్స్ వాడినా సిబ్బంది చూసీచూడనట్టు ఉండేవారు. దాన్ని నడిపిన పదకొండు నెలల్లో 333 ఓవర్‌డోస్‌ల నుంచి మనుషుల్ని బతికించారు. చికిత్సకు వెళ్లినవాళ్లు మరీ తక్కువని విమర్శ వచ్చి 2022 డిసెంబర్‌లో మూసేశారు. మరుసటి ఏడాదే 810 మరణాలు. ఒకదానివల్లే ఇంకొకటి జరిగిందని గట్టిగా అనలేం, ఎందుకంటే ఆ ఏడాది వీధి ఫెంటనిల్‌లోనూ మార్పులున్నాయి. కానీ ఆ రెండు వాక్యాల్నీ పక్కపక్కన చదవకుండా ఉండటం కూడా కష్టమే.

2023 వేసవి నుంచి ఊయల అరెస్టుల వైపు ఊగింది. పోలీసులు, షెరిఫ్, రాష్ట్ర హైవే పెట్రోల్ కలిసి అమ్మేవాళ్లనే కాదు, బహిరంగంగా వాడుతున్నవాళ్లనూ పట్టుకోవడం మొదలుపెట్టారు. పట్టుకుని, మందు దిగేవరకు జైల్లో కొన్ని గంటలు ఉంచి, చికిత్సకు వెళ్తావా అని అడిగి వదిలేసేవారు. చాలా కొద్దిమందే వెళ్తామన్నారు. ఇందులో ఆశ్చర్యమేముంది? రెండు రోజులు నిద్రలేని మనిషిని, అనుమానంతో ఊగిపోతున్న మనిషిని, యూనిఫాం వేసుకున్న అధికారి అడిగే ప్రశ్న అది. అతనికి సమాధానం చెప్పే స్థితి వచ్చేది మూడో రోజో నాలుగో రోజో. అప్పటికి అతను లాకప్‌లో లేడు. దీని తరవాత 2024 నవంబర్‌లో రాష్ట్ర ఓటర్లు దాదాపు 68 శాతం ఓట్లతో ప్రపోజిషన్ 36 గెలిపించారు. రెండుసార్లు శిక్షపడిన మనిషి మళ్లీ డ్రగ్స్‌తో దొరికితే పెద్ద నేరం కింద కేసు పెట్టొచ్చు. అతను నేరం ఒప్పుకుని చికిత్స పూర్తి చేస్తే కేసు కొట్టేస్తారు. కాగితం మీద సబబుగానే ఉంది. చికిత్స మంచాలకు మాత్రం ఆ ప్రతిపాదన విడిగా డబ్బు కేటాయించలేదు.

పోలీసు చర్య వృథా అని దీని అర్థం కాదు. కిరాణా కొట్టు ముందు రోజూ మెత్ పొగ పీల్చాల్సి వచ్చే వ్యాపారికి, పిల్లల్ని బడికి తీసుకెళ్లే టెండర్‌లాయిన్ వలస కుటుంబాలకు వీధి ఖాళీ కావడం నిజమైన మేలే. అది వీధికి చేసే చికిత్స. మనిషికి చేసే చికిత్స వేరే చోట ఉంది, వినగానే నవ్వొచ్చేంత తేలికగా ఉంది.

దాన్ని కంటింజెన్సీ మేనేజ్‌మెంట్ అంటారు. వారానికి రెండుసార్లు వచ్చి మూత్ర పరీక్ష ఇవ్వాలి. మెత్ లేదని తేలితే అక్కడికక్కడే గిఫ్ట్ కార్డు. ఉందని తేలితే తిట్లు లేవు, శిక్ష లేదు, ఆ రోజుకు కార్డు లేదు, అంతే. మెత్ అలవాటు మీద ఇప్పటిదాకా జరిగిన అధ్యయనాల్లో గట్టిగా నిలబడిన చికిత్స ఇదే. కారణం కూడా కాలంతో ముడిపడి ఉంది. రెండేళ్ల తరవాత ఆరోగ్యం బాగుపడుతుందన్న మాట డోపమిన్ ఎండిపోయిన మెదడుకు వినిపించదు. ఈ నిమిషంలో చేతికొచ్చే పది డాలర్లు వినిపిస్తాయి. శాన్‌ఫ్రాన్సిస్కో ఎయిడ్స్ ఫౌండేషన్ గే పురుషుల కోసం ఇలాంటి కార్యక్రమాన్ని ఏళ్ల తరబడి నడిపింది. మాజీ సైనికుల ఆసుపత్రులు 2011 నుంచి దేశమంతటా నడుపుతున్నాయి.

అయినా ప్రభుత్వ బీమా చాలాకాలం దీనికి డబ్బివ్వలేదు. రోగికి డబ్బిస్తే అది లంచం కింద వస్తుందేమోనన్న భయం ఒకటి, ‘డ్రగ్స్ మానడానికి కూడా డబ్బులా?’ అన్న జనం మాట ఇంకొకటి. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి రాష్ట్ర సెనేటర్ స్కాట్ వీనర్ 2021లో తెచ్చిన బిల్లును, ముందు పైలట్ చేసి చూద్దామంటూ గవర్నర్ న్యూసమ్ వీటో చేశారు. ఆ పైలట్ 2023లో మొదలైంది. పేదల బీమాలో దీన్ని కలిపిన మొదటి రాష్ట్రం కాలిఫోర్నియానే. పైలట్‌లో లెక్క ఇది: మొదటి వారం ఒక్కో నెగెటివ్ పరీక్షకు 10 డాలర్లు, వారం వారం డాలరున్నర పెరుగుతూ 12వ వారానికి 26.50. తరవాతి 12 వారాలు వారానికి ఒకే పరీక్ష, మొత్తమూ తగ్గుతుంది. 24 వారాలు ఒక్కటీ తప్పకుండా నెగ్గితే 599 డాలర్లు. 600 ఎందుకు కాదంటే, అప్పటి నిబంధన ప్రకారం 600కు చేరితే పన్ను శాఖకు ఫారం పంపాల్సి వచ్చేది! ఒక మెదడు కోలుకోవడానికి ఎంత ప్రోత్సాహం కావాలో చివరికి ఆదాయపు పన్ను ఫారం నిర్ణయించింది.

మాత్రల వైపు కూడా అన్వేషణ ఆగలేదు. నాల్‌ట్రెక్సోన్ ఇంజెక్షన్, బ్యూప్రోపియాన్ మాత్ర కలిపి 403 మందిపై జరిపిన ప్రయోగం ఫలితాలు 2021లో వచ్చాయి. మందు తీసుకున్నవాళ్లలో 13.6 శాతం మందికి పనిచేస్తే, ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లలో అది 2.5 శాతం. మెరుగే, కానీ వందలో ఎనభై ఆరుగురు అలాగే మిగిలిపోయారు. డిప్రెషన్‌కు ఇచ్చే మిర్టాజపిన్ అనే పాత మాత్రను శాన్‌ఫ్రాన్సిస్కో వైద్యులే రెండుసార్లు పరీక్షించారు. కొంత ఫలితం కనబడింది. 2011లో ప్రచురించిన మొదటి పరీక్షకు నాయకత్వం వహించిన గ్రాంట్ కోల్‌ఫాక్స్ 2019లో నగర ఆరోగ్య శాఖ డైరెక్టర్ అయ్యారు. మెత్ గురించి అంత దగ్గరగా తెలిసిన మనిషి ఆ కుర్చీలో ఉండి కూడా సోమా రైజ్‌కు దాదాపు మూడేళ్లు పట్టిందంటే, లోటు తెలివితేటల్లో లేదు.

మన దేశపు మాదకద్రవ్యాల చట్టం ఎన్‌డీపీఎస్ మెత్ విషయంలో చాలా కఠినం. 2 గ్రాముల వరకే చిన్న మొత్తం, 50 గ్రాములు దాటితే వాణిజ్య మొత్తం, అంటే కనీసం పదేళ్ల జైలు. అదే చట్టంలో 64ఎ సెక్షన్ కూడా ఉంది: చిన్న మొత్తంతో పట్టుబడిన వ్యసనపరుడు తనంతట తాను గుర్తింపు ఉన్న కేంద్రంలో చికిత్సకు సిద్ధమై, దాన్ని పూర్తి చేస్తే విచారణ నుంచి మినహాయింపు. ప్రపోజిషన్ 36లో కాలిఫోర్నియా కొత్తగా రాసుకున్నదానికి దగ్గరి పోలిక ఉన్న ఆలోచన మనకు ముందునుంచే ఉందన్నమాట. హైదరాబాద్‌లో వార్తల్లోకొచ్చే సరుకు ఎక్కువగా గంజాయి, మెఫెడ్రోన్, కల్లులో కలిపే అల్ప్రాజోలం. వీటిలో మెఫెడ్రోన్ మెత్ లాగే ఉత్తేజకం. అక్కడా నాలోక్సోన్ పనిచేయదు, అక్కడా మాన్పించే మాత్ర లేదు. దాడి జరిగిన రోజు ఎన్ని గ్రాములు పట్టుకున్నారన్నది పేపర్లో మొదటి పేజీలో వస్తుంది. పట్టుబడిన కుర్రాడు ఆరో నెలలో ఎక్కడున్నాడన్నది రాదు.

శాన్‌ఫ్రాన్సిస్కోలో 2024లో మరణాలు 640 లోపుకు దిగాయి. ఫెంటనిల్ తగ్గుదలే అందులో ప్రధానమని చాలామంది అంచనా. మెత్ వాడకానికి మాత్రం ఇంత తేలికైన కొలత లేదు, అది ఒక్క రాత్రిలో చంపదు కాబట్టి. కొలవగలిగిన చోట, అంటే 24 వారాల కార్డుల కార్యక్రమంలో, నర్సులకు ఎదురయ్యే చిక్కు ఇంకా పాతదే. ఆరు నెలలు పరీక్షలన్నీ నెగ్గి, 599 డాలర్లూ అందుకున్న మనిషికి ఇల్లు లేకపోతే ఆ రాత్రి కూడా టెండర్‌లాయిన్‌లోని ఎల్లిస్ స్ట్రీట్ మీదే పడుకోవాలి. పడుకుంటే బూట్లు పోతాయి.